తట్టితే లేచే వాల్వు

మొన్న మంగళవారం పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సెక్కాను. మునగాల దాటేసరికి ఎండ ముఖాన కొట్టింది. ఎనిమిదింటికి ముందే దిగాను. కోదాడలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్న మనవరాలు స్వాతి ఇడ్లీ తినిపించి, నాతో పాటు తనూ మిర్యాలగూడ బస్సెక్కింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక ఆమెది జీరో టికెట్, నాది డబ్బుల టికెట్.

మిర్యాలగూడ రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు బాయిలర్ నడిపాను. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని, సేఫ్టీ వాల్వును నెలనెలా పరీక్షించి పుస్తకంలో రాసేవాణ్ణి. ఆవిరి మించితే తనంతట తెరుచుకుని బాయిలర్ పేలకుండా కాపాడేది ఆ వాల్వే. అది ఎన్నాళ్లకోసారి మొరాయిస్తుందో నా రాతల నుంచి లెక్కగట్టడం స్వాతి ప్రాజెక్టు. పన్నెండేళ్ల రాతలో రెండుసార్లే మొరాయించింది. అందుకే ఏడాదికోసారి పరీక్షిస్తే చాలని రిపోర్టు రాసింది. ఆ మాట మిల్లు సేటు వెంకన్నకు బాగా నచ్చింది. రిపోర్టు మీద తన సంతకం పెట్టేముందు వాల్వును ఒకసారి కళ్లారా చూడాలని స్వాతి పట్టుబట్టింది.

బస్సులో పక్కసీటు ముసలామె అడిగింది: "ఏం పెద్దాయనా, పెండ్లికి పోతున్నరా?"

"లేదమ్మా, బాయిలర్ సూడనీకి."

"బాయిలర్ సూడనీకి గంత తెల్లటి బట్టలేసినవా!"

పదకొండింటికి మిల్లు చేరాం. సేటు కూడా మాతో బాయిలర్ దగ్గరికి వచ్చాడు. నా తర్వాత పనిలోకి వచ్చిన సైదులు వాల్వు పిడి లాగాడు. లేవలేదు. స్పానరుతో రెండుసార్లు తట్టాడు. బుస్సుమని లేచింది. పుస్తకంలో 'మంచిగున్నది' అని రాశాడు.

"జర తడితే లేస్తది బిడ్డా. మీ తాత నేర్పిన పనే," అని నవ్వాడు.

స్వాతి నవ్వలేదు. "తాతా, నువ్వు కూడా ఇట్లనే రాసేటోడివా?"

"లేచింది గదనే!"

"తట్టే మనిషి లేనప్పుడు ఎవరు లేపుతారు తాతా? తట్టిందల్లా చెడిపోయినట్టే లెక్క. ఎన్నిసార్లు తట్టావు?"

అబద్ధం చెప్పొచ్చు. నా పేరూ, పిల్ల రిపోర్టూ నిలిచేవి. కానీ సైదులు ముఖం వాల్వుకు మూరెడు దూరంలో ఉంది.

"యాడాదికి నాలుగైదుసార్లు తట్టిన బిడ్డా. ఒక్కటి గూడ రాయలే."

స్వాతి రిపోర్టులో 'ఏడాదికోసారి చాలు' అన్న మాట కొట్టేసి నా చేయి పట్టుకుంది. "ఇప్పుడు చెప్పావు, చాలు. కొత్త వాల్వు వచ్చేదాకా బాయిలర్ ఆపాలి."

సేటు గరమయ్యాడు. "గిప్పుడు మిల్లు బందు వెట్టాల్నా? వడ్లు నానవోసినం!"

"వడ్లు మళ్ల కొంటవు సేటూ. సైదులును యాడ కొంటవు?" అన్నాను.

సేటు సైదులు వైపు తిరిగాడు. "మంట ఆర్పు. కొత్త వాల్వు బిగించేదాక ముట్టియ్యకు."

నాలుగుంబావుకు సూర్యాపేట బస్సు దొరికింది. ఆ రాత్రికి ఇంటికే వస్తానన్న స్వాతి నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. ఆ మిల్లు నుంచి ముప్పై ఏళ్లు రోజూ ప్రాణాలతో ఇంటికి వచ్చింది ఒట్టి అదృష్టం కొద్దీ అని ఆ బస్సులోనే తెలిసింది.

ఆ రోజు బాయిలర్ దగ్గర ఉన్నది సేటు వెంకన్న, సైదులు, స్వాతి, మల్లయ్య అనే నేను. నలుగురం ఇళ్లకు చేరాం.