విప్పేవారిని తలచుకుని అతికించిన యేసురత్నం గారు

గత బుధవారం ఉదయం నందిగామ నుంచి సారు భార్య మార్తమ్మ గారు ఫోన్ చేశారు. "అమ్మా పద్మా, మీ సారు వెళ్లిపోయారు" అన్నారు. ముందురోజు సాయంత్రమే ఒక పాడైన బోర్డు గురించి నాతో వాదించిన మనిషి. గుండె ఆగిపోయిందట. ఆ మాట నా బుద్ధికి అందింది గానీ, మనసు ఇప్పటికీ అంగీకరించలేదు.

నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే యేసురత్నం గారు నా గురువు. జగ్గయ్యపేటలో కిరాణా వ్యాపారుల ఇంటి కోడలినైన నేను ముప్పై ఏళ్లు దాటాక పని నేర్పమని వెళితే, ఎందుకని అడగలేదు. స్క్రూడ్రైవర్ చేతికిచ్చి "కూర్చోండమ్మా" అన్నారు. పట్టాలు లేని ఆ మహనీయుని విద్యకు మూలం నిశితమైన పరిశీలన, నిర్మొహమాటమైన సత్యనిష్ఠ.

ఒక సోమవారం మా పేట నుంచి పెళ్లి వీడియోలు తీసే నరేష్ తన కంప్యూటర్ తెచ్చాడు. పది నిమిషాలు పనిచేసి, వేడెక్కి ఆగిపోతోంది. ఆదివారం రిసెప్షన్‌లో వీడియో వేస్తానని పెళ్లివారికి మాటిచ్చాడు. ప్రాసెసర్ మీది లోహపు మూతకూ, లోపలి చిప్‌కూ మధ్య ఉండి వేడిని బయటికి పంపే పేస్టు ఎండిపోయి ఉంటుందని సారు ఊహించారు.

"మూత తీస్తే ఇది చచ్చిపోవచ్చు కూడా. ఒప్పుకుంటేనే తీస్తా" అన్నారు.

నరేష్ మొహం పాలిపోయింది. అయినా తలూపాడు. సారు ఊపిరి బిగబట్టి మూత విప్పారు. లోపల పేస్టు ఎండిన ఒండ్రులా పొలుసులు కట్టి ఉంది. శుభ్రం చేశారు. ఇక మూతను తిరిగి అతికించాలి.

"సూపర్ గ్లూ చుక్కేసి ఇచ్చేయండి సార్, ఇవాళే పట్టుకెళ్తా" అన్నాడు నరేష్.

"దీనికి ఏ జిగురు సరిపోద్దో నాకింకా తెలీదు. తెలుసుకుని వేస్తా."

నరేష్‌కు కోపం వచ్చింది. "ఇంత పేరున్నోళ్లు, జిగురు తెలీదంటారేంటి సార్?"

సారు నవ్వారు. "తెలీదనడానికి సిగ్గుపడితే సామాను చచ్చిపోద్ది బాబూ."

చచ్చిన పాత ప్రాసెసర్లు రెండు తీసి, ఒకదాని మూత సూపర్ గ్లూతో, రెండోదాని మూత ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించారు. మర్నాడు వాటిని ఇస్త్రీపెట్టె మీద వేడిచేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేశారు. సూపర్ గ్లూ పెళుసుబారి పగిలింది. ఎపాక్సీ ఎంతకీ వదల్లేదు. బలవంతంగా విప్పితే కింది పచ్చబోర్డు పొర లేచివచ్చింది. "ఇదీ వద్దు. రేపు మళ్లీ విప్పేవాడు మనకేం శత్రువు కాదుగా" అన్నారు.

లారీ ఇంజన్లూ ఇలాగే వేడెక్కి చల్లారతాయి కదా అని తట్టి, నన్ను వెంటబెట్టుకుని గరికపాడు బస్సెక్కారు. చెక్‌పోస్టు దగ్గరి మెకానిక్ సిలికాన్ జిగురు ట్యూబు తీసి, "గిది ఇంజన్లకు పెట్టేది సార్, కంప్యూటర్‌కెందుకు?" అని ఆశ్చర్యపోయాడు. సారు వాసన చూసి పక్కన పెట్టారు. "వెనిగర్ వాసనొస్తోంది. ఇది రాగిని తినేస్తది. వాసన లేంది ఉందా?" ఉంది. దాంతో మరో పాత ప్రాసెసర్‌ను అతికించి, ఒకరోజు ఆగి, వేడిచేసి చూశారు. మూత కదల్లేదు. బ్లేడు పెడితే మాత్రం రబ్బరు పొరలా శుభ్రంగా ఊడివచ్చింది.

అప్పుడు గానీ నరేష్ ప్రాసెసర్ ముట్టలేదు. చిప్ మీద కొత్త పేస్టు రాసి, అంచుల్లో సన్నగా సిలికాన్ పూసి, లోపలి గాలి పోవడానికి ఒకచోట ఖాళీ వదిలారు. "మందంగా పూస్తే మూత పైకి లేచి చిప్‌కి తగలదమ్మా. జిగురు మూతని పట్టుకుంటే చాలు, వేడి సంగతి పేస్టు చూసుకుంటది" అన్నారు. దాన్ని ఒకరోజంతా బిగించి ఉంచారు. శనివారం నరేష్ వచ్చేసరికి కంప్యూటర్ మూడు గంటలుగా ఆగకుండా నడుస్తోంది. మర్నాడు రిసెప్షన్‌లో వీడియో పడింది. పెళ్లికూతురి తండ్రి నరేష్‌ను పొగుడుతుంటే, అతను మాకు ఫోన్ చేసి అక్కడి చప్పట్లు వినిపించాడు. సారు ఫోన్ నాకిచ్చి, "మీరూ వినండి" అన్నారు.

కొన్నేళ్లకు ఆ కంప్యూటర్ మళ్లీ వచ్చింది. ఈసారి మూత నన్నే విప్పమన్నారు. బ్లేడు పెట్టగానే సిలికాన్ తేలిగ్గా వదిలింది. బోర్డుకు చిన్న గీత కూడా పడలేదు. సారు అద్దాలు తుడుచుకుంటూ, "చూశారా, ఆ రోజు మీకోసమే అతికించా" అన్నారు. నా జీవితంలో అంతటి ప్రశంస మరొకటి లేదు.

సమాధి కార్యక్రమానికి కంచికచర్ల, జి.కొండూరు నుంచి కూడా రిపేరు షాపుల వాళ్లు షాపులు కట్టేసి వచ్చారు. వ్యాపారంలో ఆయనకు పోటీదారులు. విద్యలో అందరూ ఆయనకు ఋణపడినవారే.

మొన్న జగ్గయ్యపేటలో నేను నడుపుతున్న రిపేరు షాపుకొచ్చిన ఒకాయన నాకు అర్థంకాని సమస్య చెప్పాడు. "తెలీదండీ, కనుక్కుని చెప్తా" అన్నాను. అలవాటుగా ఫోన్ తీశాక గుర్తొచ్చింది, కనుక్కోవడానికి ఆయన లేరని. ఆ లోటు పూడేది కాదు. ఫోన్ పక్కన పెట్టి, ఆ యంత్రాన్ని నేనే విప్పాను. యేసురత్నం గారి శిష్యురాలినని తలెత్తుకుని చెప్పుకుంటూ, ఆ పుణ్యమూర్తికి చేతులు జోడిస్తున్నాను.