పులిపిల్లకు పిల్లి జబ్బు

మా ఎదురింటి అల్లుడు జూలో పులుల కాపరి. అత్తగారింట్లోనే కాపురం. నోట్లో నాలుక లేని మనిషి. అత్తగారి పిల్లి కుర్చీలో పడుకుంటే తను నేల మీద కూర్చుని భోంచేసేవాడు.

అలాంటివాడు ఒకరోజు కట్టుబట్టలతో ఇల్లు వదిలి వెళ్లిపోతుంటే, వీధంతా కిటికీల చాటునుంచి చూసింది. నేను మాత్రం ఎదురెళ్లి అడిగాను.

"ఏం బాబూ, అత్తగారితో గొడవా?"

"కాదు పిన్నిగారూ, పిల్లితో. రెండు పులిపిల్లల్లో ఒకటి వాంతులై చచ్చిపోయింది. రెండోదీ నలతగా ఉంది. అది నా చేత్తో తప్ప పాలు తాగదు. ఇంట్లో పిల్లి ఉంటే బోను దగ్గరికి రావద్దన్నాడు డాక్టరు. పిల్లుల వైరస్ బట్టలకీ చెప్పులకీ అంటుకుని వస్తుందట."

"పిల్లి జబ్బు పులికొస్తుందా?"

"పులి కూడా పిల్లి జాతే కదండీ."

"మరి ఆ పిల్లినే పంపించెయ్యచ్చుగా?"

పులులకు రోజూ మాంసం పెట్టే ఆ మనిషి గొంతు తగ్గించాడు.

"అత్తయ్యగారిని ఎవరడుగుతారండీ?"

జూవాళ్లిచ్చిన బట్టలు కట్టుకుని అక్కడే ఒక గదిలో మకాం పెట్టాడు. పులిపిల్ల కోసం పెళ్లాన్ని వదిలేశాడని వీధి తీర్మానించింది.

కొన్నాళ్లకు అతని భార్య భోజనం క్యారేజీ పట్టుకుని బయలుదేరింది. ఊరికే తోడుగా నేనూ వెళ్లాను.

"అక్కడే ఆగండి! మీ చీరలకి పిల్లి బొచ్చుంటుంది!" అని గేటు లోపలినుంచి అరిచాడు.

"నేనెలా ఉన్నానో అడగరా?" అంది భార్య.

"పొద్దున పాలు తాగింది. కక్కలేదు" అన్నాడతను.

ఆమె పళ్లు కొరికింది. క్యారేజీ కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. అక్కడినుంచే అడిగింది.

"సీసా మొత్తం తాగిందా?"