బురుల్ గీసిన సొట్టలు

ఓష్ ఊళ్లో తైచబార్ నడిపే యార్డుకు కారు అద్దెకు అడగడానికి వచ్చే విదేశీయులెవరైనా బురుల్ పెన్సిలుకు లొంగాల్సిందే. తాళాలు చేతిలో పెట్టేముందు ఆమె కారు చుట్టూ మూడుసార్లు తిరుగుతుంది. ఎక్కడ గీత పడింది, ఎక్కడ సొట్ట ఉంది, ఏ అద్దానికి గులకరాయి తగిలింది, అన్నీ తెల్లకాగితం మీద బొమ్మ గీసి చూపిస్తుంది. అచ్చు వేయించిన కారు బొమ్మలు బీరువాలో కట్టలు కట్టలుగా ఉన్నా ముట్టుకోదు. "ఆ బొమ్మ ఏ కారుదో ఆ బొమ్మకే తెలీదు" అంటుంది. ఇరవై రెండేళ్లు బడిలో డ్రాయింగు నేర్పిన చెయ్యి అది. బడిలో ఆ పీరియడ్లు ఎత్తేశాక ఇక్కడ చేరింది. ఏడేళ్లలో ఆమె బొమ్మకు వంక పెట్టినవాడు ఒక్కడూ లేడు.

చెయ్యి ఎంత నిక్కచ్చిదో నోరు అంత వదులు. బీమా షరతుల్లో లేని సలహాలు ఇవ్వకుండా ఉండలేదు. కిందటేడాది ఒక కొరియా జంటకు వాగు ఎక్కడ దాటాలో తనే చెప్పింది. వాళ్లు దాటారు, ఇంజిన్లోకి నీళ్లు పోయాయి. వాగులో దిగిన కారుకు బీమా వర్తించదు. తైచబార్ ఆమెకంటే పదిహేనేళ్లు చిన్న, అక్కా అనే పిలుస్తాడు, కానీ ఆ రోజు మొహమాటపడలేదు. "ఇంకొక్కసారి మీ నోటి సలహా వల్ల నష్టం వస్తే ఇంటికి పంపేస్తానక్కా. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. బురుల్‌కు యాభై ఆరేళ్లు, పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. భర్త పోయాక ఇల్లు నడిచేది ఈ జీతం మీదే. అప్పట్నుంచి నోరు అదుపులో పెట్టుకున్నాననే అనుకుంటూ వచ్చింది.

జులై చివర్లో చెక్ దేశం నుంచి అలోయిస్, వ్లాస్తా అనే మొగుడూపెళ్లాలు వచ్చారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లే. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న రష్యన్ ఇక్కడివాళ్లతో మాట్లాడ్డానికి ఇప్పటికి పనికొచ్చిందని మురిసిపోతున్నారు. అలాయ్ లోయ చూసి రావడానికి పాత జీపొకటి వారం రోజులకు మాట్లాడుకుని, ఆరువందల డాలర్లు డిపాజిట్టు కట్టారు. బురుల్ బొమ్మ గీసి, షరతులు చదివి వినిపించింది. ప్రమాదం జరిగితే బండిని కదపకూడదు. పోలీసులను పిలవాలి. వాళ్ల దగ్గర చీటీ రాయించుకోవాలి. చీటీ లేకపోతే బీమా వాళ్లు ఒక్క సోమ్ కూడా ఇవ్వరు, డిపాజిట్టు పోతుంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ తర్వాత అందరికీ చేసినట్టే వాళ్లకూ దోసిళ్లు పట్టించి, ప్రయాణం సుఖంగా సాగాలని దీవించి, చేతులతో మొహం తుడుచుకోమంది. జీపు గేటు దాటింది.

ఎనిమిదో రోజు పొద్దున తిరిగొచ్చింది. ఎడమవైపు వెనక తలుపు రొట్టెల పిండి గుద్దినట్టు లోపలికి పోయి ఉంది. వెనక సీట్లో గొర్రె.

"ఇదేంటండీ?" అంది బురుల్.

"గొర్రె" అన్నాడు అలోయిస్, అలిసిపోయిన గొంతుతో.

"గొర్రెని నేనూ గుర్తుపడతాను. తలుపు సంగతి అడుగుతున్నా."

వ్లాస్తా చెప్పింది. ఫొటోల కోసం దారి పక్కన ఆపారు. ఒక మగగుర్రం ఎందుకు బెదిరిందో ఏమో, వెనక్కి తిరిగి తలుపును రెండుసార్లు తన్నింది. గుర్రం ఆసామి పరుగెత్తుకొచ్చి ఊరి పెద్దాయన్ని పిలిచాడు. పెద్దాయన తలుపు చూశాడు, గుర్రాన్ని చూశాడు, గుర్రం తంతే తప్పు ఆసామిదేనని, పరాయి దేశం నుంచి వచ్చిన అతిథి నష్టపోకూడదని తీర్పు చెప్పాడు. ఆసామి నష్టానికి బదులు ఈ గొర్రెను తెచ్చి ఇచ్చాడు. తర్వాత అతనింట్లో అందరూ కూర్చుని మాంసం తిన్నారు, దీవెనకు దోసిళ్లు పట్టారు.

"పోలీసుల చీటీ ఏది?" అంది బురుల్.

"లేదు."

బురుల్‌కు ఒళ్లు మండింది. "సంతకం పెట్టించింది ఎందుకమ్మా? ఒకటికి రెండుసార్లు చదివి వినిపించానే. చెవులు ఎక్కడ పెట్టుకున్నారు?"

వ్లాస్తా మొహం ఎర్రబడింది. "మీరే చెప్పారు కదా. పోలీసులు దొరక్కపోతే ఏం చెయ్యాలి అని ఈ గేటు దగ్గరే అడిగాను. ఆ కొండల్లో పోలీసులెక్కడ, ముందు ఊరి పెద్దను పిలవండి, ఆయన మాటే చట్టం అన్నారు. అయినా పెద్దాయన్ని అడిగాం, పోలీసుల్ని పిలుద్దామా అని. మేమేమన్నా దొంగలమా అని బాధపడ్డాడు."

బురుల్‌కు తను అన్న మాట గుర్తొచ్చింది. దీవెన అయిపోయాక, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, ఎవరింట్లో పిల్లలకైనా చెప్పినట్టు చెప్పింది. కొండల్లో పుట్టి పెరిగిన మనిషికి అంతకంటే సరైన మాట తోచలేదు. అది బీమా కాగితం మీద చెల్లదన్న సంగతి ఆ క్షణాన తలకెక్కలేదు. అప్పుడు తైచబార్ లోపల ఫోన్లో ఉన్నాడు, యార్డులో ఇంకెవరూ లేరు.

ఇంతలో తైచబార్ బయటికొచ్చాడు. తలుపు చూశాడు, గొర్రెను చూశాడు, తల పట్టుకున్నాడు.

"చీటీ?"

"లేదంట" అంది బురుల్.

"మరి దీన్నేం చెయ్యమంటారు? తీసుకెళ్లి బీమా ఆఫీసు కౌంటరుకు కట్టెయ్యనా?"

"అమ్మితే తలుపు ఖర్చులో కొంత వస్తుంది" అంది బురుల్.

"కొంతేగా. మిగతాది డిపాజిట్లో పట్టుకుంటాను. షరతు షరతేనక్కా. మీరు బొమ్మ గీసి కాగితం పూర్తి చెయ్యండి."

అలోయిస్ ఏదో అనబోయాడు. వ్లాస్తా అతని మోచెయ్యి పట్టుకుని ఆపి బురుల్ వైపు చూసింది. చూపులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది. బురుల్‌కు ఆ చూపే భరించడం కష్టమైంది.

ఆమె ముక్కాలి పీట లాక్కుని తలుపు ముందు కూర్చుంది. సొట్ట అంచులు గీసింది. గిట్టలు దిగిన రెండు చోట్లా నీడ వేసింది. రోజూ చేసే పనే. నోరు మూసుకుంటే సరిపోతుంది. ఇద్దరు ముసలివాళ్ల మాట ఒకవైపు, సంతకం పెట్టిన కాగితం ఇంకోవైపు. ఎవరైనా కాగితాన్నే నమ్ముతారు. రెండేళ్లు గడిస్తే పింఛను. భయపడింది, ఆ భయానికి సిగ్గుపడింది. బొమ్మ కింద "తప్పు ఎవరిది" అనే గడి కూడా తనే గీస్తుంది. అందులో ఇన్నాళ్లూ అద్దెకు తీసుకున్నవాళ్ల పేర్లో, రోడ్డు అనో, రాయి అనో రాసేది. ఈసారి తన పేరు పూర్తిగా, తండ్రి పేరుతో సహా రాసి, తైచబార్‌కు అందించింది.

అతను ఒకసారి చదివాడు. "ఏంటిది?"

"పోలీసుల్ని కాదు, ఊరి పెద్దను పిలవమని నేనే చెప్పాను."

తైచబార్ ఆమె చెయ్యి పట్టుకుని జీపుకు అవతలి పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "ఇంటికి పంపేస్తానన్నాను, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఎవరూ వినలేదు కదక్కా. ఊరుకుంటే పోయేదిగా."

"వాళ్లిద్దరూ విన్నారు" అంది బురుల్.

అతను లోపలికెళ్లి ఆరువందల డాలర్లూ తెచ్చి అలోయిస్ చేతిలో పెట్టాడు. వాళ్లు వెళ్లిపోయాక, ఆమె మొహం చూడకుండా చెప్పాడు. సీజను ముగిసేదాకా ఉండండి, సెప్టెంబరు తర్వాత రావద్దు, అన్నాడు. బురుల్ సరేనంది. గేట్లోంచి ఇంకో కారు లోపలికి వస్తోంది. కొత్త కాగితం తీసుకుని దాని దగ్గరికి వెళ్లింది.