పలుగు బాయి పక్కన ఇల్లు

ఇంటి వెనక తెల్లరాళ్ల కుప్ప పక్కనే గుండ్రటి గట్టు కనిపించగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఏవండీ, బావి కూడా ఉంది!" అన్నాను మావారితో.

అప్పటికి రెండేళ్లుగా పటాన్‌చెరులో కిరాయి గదిలో ఉంటున్నాం. రోజూ వీధి చివర చేదబావి దగ్గర నిలబడి, వంతు వచ్చాక నీళ్లు తోడుకుని మోసుకొచ్చేదాన్ని. కృష్ణా జిల్లాలో కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని. మావారికి సర్కారు వారి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చాక నీళ్ల విలువ తెలిసింది.

ఇల్లు అమ్ముతున్న షావుకారమ్మ నా సంబరం చూసి తల అడ్డంగా ఊపింది.

"అది నీళ్ల బాయి గాదు బిడ్డా, పలుగు బాయి. నైజాం జమానాల తెల్లరాయి కోసమని తవ్విన్రు. లోపల ఊట పడ్డది, ఇడిసిపెట్టి పోయిన్రు. పిల్లలను గటు పోనియ్యకు."

ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది, ఏమీ దాచలేదు. వెళ్లి తొంగి చూశాను. చాలా కిందుగా నల్లటి నీళ్లు, వాటిలో ముక్కలు ముక్కలుగా ఆకాశం. గబుక్కున వెనక్కి వచ్చేశాను. ఇంటికీ దానికీ మధ్య ఒక చిన్న జొన్నచేను పట్టేంత జాగా ఉందని మావారు ధైర్యం చెప్పారు.

ఇల్లు మాత్రం ఇద్దరికీ నచ్చింది. మందమైన గోడలు, తాండూరు బండల నేల, వరసగా మూడు గదులు, పెరట్లో రెండు సీతాఫలం చెట్లు. షావుకారమ్మ కుటుంబం ఒకప్పుడు అక్కడే ఉండి చుట్టుపక్కల ఊళ్ల ధాన్యం కొనేవారట. భర్త పోయాక ఆమె కొడుకు సంగారెడ్డి బజారులో దుకాణం పెట్టుకున్నాడు. ఇల్లు ఊరికే పాడుపడుతోంది. ధర మాకు అందుబాటులో ఉంది. ఆ ఎండాకాలమే సామాను ఎడ్లబండి మీద వేసుకుని, పిల్లలిద్దరినీ ఆ సామాను పైన కూర్చోబెట్టుకుని వచ్చేశాం.

పొరుగింటావిడకు బర్రెలున్నాయి. మాకు పాలు పోసేది ఆవిడే. మొదటి రోజే పాలు కొలుస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"మంచిగ అరుసుకొనే కొన్నరా వదినే?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"ఏం లేదు. ఆ బాయిల కెల్లి సొరంగం మీ ఇంటి కింది దాంక వచ్చిందంటరు. మా మామ చెప్పేటోడు. నిజమో అబద్ధమో, నాకేం ఎరుక?"

మావారికి చెబితే నవ్వేశారు. నేనూ నవ్వాను కానీ, ఆ మాట నాలో ఎక్కడో కూర్చుండిపోయింది.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. వాన కాస్త తెరిపిచ్చిన ఒక ఉదయం పొరుగింటి వైపు నుంచి కేకలు వినిపించాయి. నానిన గట్టు ఒక పక్క కూలి, వాళ్ల బర్రె కన్న దుడ్డె పలుగు బాయిలో పడింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఊరంతా అక్కడే ఉంది. దుడ్డె అదృష్టం బాగుండి, కాస్త కిందుగా గోడకు ఉన్న రాతి మెట్టు మీద ఆగిపోయి అరుస్తోంది. పొరుగింటాయన నడుముకు మోకు కట్టుకుని దిగాడు. దుడ్డె పొట్ట కింద గోనెసంచులు చుట్టి తాళ్లు బిగించాడు. పైనుంచి మగవాళ్లందరూ లాగారు. గట్టు ఎక్కగానే ఒళ్లు విదిలించుకుని, ఏమీ జరగనట్టు తల్లి దగ్గరికి పోయింది.

అందరూ దుడ్డెను చూస్తున్నారు. నేను మాత్రం అది నిలబడిన చోటునే చూస్తున్నాను. ఆ మెట్టు వెనక గోడలో ఒక చీకటి నోరు ఉంది. దాని ముఖం సరిగ్గా మా ఇంటి వైపే ఉంది.

మర్నాడు పసుపు కొడదామని రోలు నడిమి గదిలో పెట్టాను. రోకలి పోటు పడగానే అదోరకమైన చప్పుడు. రోలు వంటింట్లోకి జరిపి కొట్టాను. గట్టిగా, మామూలుగా ఉంది. మళ్లీ నడిమి గదిలోకి తెచ్చాను. ఖాళీ గాబును తట్టినట్టు డబ్బుమంది. మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మావారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో బండనూ సుత్తితో తట్టుకుంటూ వెళ్లారు. కిటికీ వైపుకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆయన ముఖంలో నవ్వు పోవడం ఈ విషయంలో అదే మొదటిసారి.

"పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లు" అన్నారు.

ఆ రోజు నుంచి మా కాపురం వరండాలోనే. పొయ్యి కూడా బయటికి తెచ్చాం. వాన జల్లు కొడుతుంటే మంచాలకు గోనెపట్టాలు అడ్డం కట్టుకున్నాం. నాకు ముద్ద నోట్లోకి వెళ్లేది కాదు. ఈ ఇల్లు ఇంకొకరికి అమ్మలేం, ఇందులో ఉండలేం. మా ఊళ్లో పొలం అమ్మిన సొమ్ము అంతా ఆ గోడల్లోనే ఉంది.

చివరికి మావారు డ్యూటీకి వెళ్లాక, పిల్లల్ని పొరుగింటావిడకు అప్పగించి సంగారెడ్డి బస్సెక్కాను. దారి పొడుగునా అనవలసిన మాటలు కూడగట్టుకుంటూనే ఉన్నాను. షావుకారమ్మ దుకాణం వెనక ఇంట్లో కందిపప్పు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచింది.

"రా బిడ్డా, గిట్ల తడిసినవేంది? కూసో, చాయ పెడుత."

"చాయ వద్దండీ. మీరు పెద్దవారు. గని గురించి చెప్పారు, అది మా ఇంటి కిందికే వచ్చిందని ఎందుకు చెప్పలేదు? ఇద్దరు పిల్లలున్న ఇల్లు మాది" అన్నాను. దారిలో ఇంతకంటే గట్టి మాటలే కూడగట్టుకున్నాను.

ఆమెకు కోపం రాలేదు. అయోమయంగా చూసింది. "ఇంటి కిందికా? ఎవలు చెప్పిన్రు?"

"ఎవరో చెప్పడమెందుకు? నడిమి గదిలో బండలు తడితే గుల్లగా మోగుతున్నాయి."

"నడి అర్రలనా? కిటికీ దిక్కా, దర్వాజ దిక్కా?"

"కిటికీ వైపు."

షావుకారమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో నా మతి మండ! పాతర బిడ్డా అది, జొన్నల పాతర! మా మామ తవ్విచ్చిండు. మీద బండలేసి ఇన్నేండ్లాయె, నా యాదిలనే లేకపాయె."

నాకు నమ్మాలనే ఉంది, నమ్మకం కుదరడం లేదు. అది ఆమెకు అర్థమైనట్టుంది.

"మాట చెప్తే నీ పరేషాన్ పోదు. నడువు, నేనే వస్త" అని కొడుకుతో చెప్పి, చెప్పులేసుకుని నాతోనే బస్సెక్కింది.

మేము చేరేసరికి మావారు షిఫ్టు దిగి వచ్చి ఉన్నారు. షావుకారమ్మ నేరుగా నడిమి గదిలోకి వెళ్లి, కిటికీ కింద ఒక బండ మీద కాలు పెట్టి "ఇది లేపున్రి" అంది. పొరుగింటాయన గడ్డపార తెచ్చాడు. బండ లేచింది. దాని కింద మట్టి, మట్టి కింద గుండ్రటి రాతి మూత. మూత జరిపారు. పాత గడ్డి వాసన గుప్పుమంది. మావారు దిగబోతుంటే ఆమె రెక్క పట్టుకుని ఆపింది.

"జెర ఆగు బిడ్డా. మూసిన పాతరల గాలి మంచిగుండది. గాలి పోనియ్యి, ఎన్కసిరి కందీలు దింపి సూడు."

చాలాసేపు ఆగాక కందీలును తాడుతో దింపారు. దీపం నిలకడగా వెలిగింది. మావారు లోపలికి దిగారు. సుత్తితో నాలుగు పక్కలా తడుతున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. నేను అంచున కూర్చుని ఒక్కో దెబ్బా వింటున్నాను.

"అంతా గట్టి నేలే! ఏ వైపూ దారి లేదు. పెద్ద కాగులా ఉందిక్కడ!" అని ఆయన కింద నుంచి అరిచారు.

పిడికెడు నల్లబడిన జొన్నలు పైకి తెచ్చి చూపించారు. షావుకారమ్మ వాటిని అరచేతిలో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"రజాకార్ల గడబిడల ఒక పూటంత నా ఇద్దరు ఆడపిల్లలను పట్టుకొని గీ పాతరలనే కూసున్న. మా ఆయన గాలి ఆడాలని మూత సగం తెరిచి, మీద సాప కప్పి, తను దాని మీద పండుకున్నడు. చిన్నది ఏడుస్తదేమోనని పాణం అరచేతుల పెట్టుకున్న. అది నిద్రవోయింది. బతికి బయటపడ్డం. గిసుంటి జాగను ఎట్ల మరిచిపోయిన్నో సూడు" అంది.

ఆమె ఏడవలేదు కానీ నేను ఏడ్చాను. భయం దిగిపోయిన ఏడుపు అది.

అంతలో మావారికి మరో అనుమానం వచ్చింది. "మరి బావి గోడలో మా ఇంటి వైపు మా ఆవిడ చూసిన ఆ సొరంగం?" అని పొరుగింటాయనను అడిగారు.

"అది సొరంగమెక్కడిది సారూ? గూడు. నేను దుడ్డెకు తాడు కట్టుకుంట దాంట్లకే ఒదిగి కూసున్న. ఎన్క రాయి నా ఈపుకు తాకింది."

"మరి ఇన్ని రోజులూ చెప్పలేదేమయ్యా?"

"నన్నెవలు అడిగిన్రు?"

పొరుగింటావిడ మొగుడి వైపు గుర్రుగా చూసింది. మేమందరం ఒక్కసారిగా నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది షావుకారమ్మే.

వానలు తగ్గాక గని పక్కనున్న తెల్లరాళ్లతోనే పాతరను నింపి, పైన బండ పరిపించాం. మిగిలిన రాళ్లతో ఊరివాళ్లూ మావారూ కలిసి పలుగు బాయి చుట్టూ ఛాతీ ఎత్తు గోడ కట్టారు. ఆ ఇంట్లో చాలా ఏళ్లు ఉన్నాం.

పాతర తెరిచిన ఆ సాయంత్రం దాని మూతా బండా మళ్లీ వేయించి, షావుకారమ్మను బస్సెక్కించి వచ్చాక, పొయ్యి మళ్లీ వంటింట్లో పెట్టాను. అన్నం వండి, గోంగూర పచ్చడి నూరాను. పిల్లలు తినేసి మంచాలు లోపలికి లాగుతున్నారు. మావారు అప్పటికే నడిమి గదిలో చాప మీద వాలి గురక పెడుతున్నారు. ఎన్ని రోజుల తర్వాతో నాకు గట్టిగా ఆకలేసింది. కంచం నిండా పెట్టుకుని, గోడకు ఆనుకుని, తీరిగ్గా తిన్నాను.