వంటింటి బండతో కొండ దిగిన రోజు

ఇల్లు వదిలేసి వ్యాన్‌లో కాపురం పెట్టాలన్న ఆలోచన నాది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ప్రొద్దుటూరులో మమ్మల్ని ఎరిగిన వాళ్లందరూ ఇది మా ఆయన పిచ్చి అనుకుంటున్నారు. మా ఆయన మస్తాన్ కువైట్‌లో ఇరవై రెండేళ్లు ట్రైలర్ నడిపి వచ్చిన మనిషి. ఆయనకు కావలసింది నాలుగు గోడలు, ఒక మంచం, కదలని నేల. రోడ్డు కావలసింది నాకు. ఆయన ఎడారి దారుల్లో తిరుగుతూ ఫోన్లో అక్కడి సంగతులు చెబుతుంటే, నేను రెండో అంతస్తులోని అద్దె అపార్ట్‌మెంటులో జాకెట్లు కుడుతూ వినేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆయన తిరిగొచ్చిన ఏడాదికి ఒకరోజు అన్నం పెడుతూ అనేశాను. “నువ్వు చూసిండేటివన్నీ నాకు మాటల్లోనే మిగిలిపోయినాయి. ఇంక నన్ను కూర్చోబెట్టుకోని పోవాల.” మూడో రోజు ఆయన ఎర్రగుంట్లకు పోయి, అమ్మకానికి ఉన్న ఒక పాత స్కూలు వ్యాను చూసి వచ్చాడు.

వ్యానుకు మూడు లక్షల చిల్లర అయింది. సీట్లు పీకించి మంచం, అల్మారా, నీళ్ల ట్యాంకు పెట్టించడానికి ఇంకో లక్షన్నర, రెండు నెలల సమయం పట్టాయి. వడ్రంగి మంచి పనివాడే కానీ నోరు ఎక్కువ. వంటకు ప్లైవుడ్ చెక్క చాలన్నాడు. డ్రైవరు సీటుకూ వెనక ఇంటికీ మధ్య అడ్డుగోడ పెడితే అందంగా ఉంటుందన్నాడు. అడ్డుగోడ మా ఆయన వద్దన్నాడు. చెక్క నేను వద్దన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను నల్లబండ మీద తప్ప జొన్నరొట్టె తట్టలేదు. మా వైపు నేల బండే, అరుగు బండే, అటకా బండే. బండ లేని వంటిల్లు నాకు వంటిల్లులా కనిపించదు. అందుకని అయిదడుగుల బండ ఒకటి డ్రైవరు సీటు వెనకనుంచి కుడి పక్కంతా పరిపించి, దాని కింద రెండు బండలు నిలబెట్టించి, మేస్త్రీతో సిమెంటు పూయించాను. నిలువు బండల పక్కన రోలు కూడా పెట్టించాను. చెనిక్కాయల ఊరిబిండి, వేరుశనగ పచ్చడి అనుకోండి, మిక్సీలో వేస్తే నాకు ముద్ద దిగదు. మా ఆయన అంతా చూసి, “దీనికి చక్రాలుండాయి మాబున్నీ” అన్నాడు. ఆయన ఏ మాటా రెండోసారి చెప్పే రకం కాదు, నేను మొదటిసారికి వినే రకం కాదు.

ఇంటి సంగతి తేలాల్సిన రోజు వచ్చింది. ఆ అపార్ట్‌మెంటుకు వేరే కుటుంబం సిద్ధంగా ఉంది. సాయంత్రం అయిదింటికల్లా ఉంటారో లేదో చెప్పమని ఓనరు అడిగాడు. మా ఇద్దరి మధ్యా ఒప్పందం ఇది. సామానంతా ఎక్కించుకుని ఒక్కరోజు నడిపి చూడాలి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడినుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల, అంతా కలిపి ఎనభై కిలోమీటర్లు. అయిదింటికి ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఇల్లు ఉంచుకోవాలి. రెండో మాట ఉండకూడదు. ఇంటి తాళం చెవి కొంగున ముడి వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఉదయం ఏడుకు బయలుదేరాం.

జమ్మలమడుగు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. బస్టాండు దగ్గర ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాం, ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు. హోటలాయన వ్యాను వైపు చూస్తూ “యాడికి పోతాండారక్కా?” అన్నాడు. పులివెందులకన్నాను. “ఎవురింటికి?” అన్నాడు. ఎవరింటికీ కాదు, మా ఇల్లు ఇదేనన్నాను. ఆయన బజ్జీలు తిప్పడం ఆపి, మా ఆయనను జాలిగా చూశాడు. నాకు ఒళ్లు మండింది. మా ఆయన నవ్వాడు కానీ, టీ తాగుతూ వెనక టైర్లనే చూస్తున్నాడు. కుడి పక్క కొంచెం కుంగి ఉంది. నాకూ కనిపించింది. కనిపించనట్టు ఊరుకున్నాను.

ముద్దనూరు దారిలో బండల లారీలు తూకం వేసుకునే కాటా ఒకటుంది. ఏమీ చెప్పకుండా వ్యానును దాని మీదికి ఎక్కించాడు. కాటా అతను స్లిప్పు ఇస్తూ, “కాగితంలో ఉండేదాని కంటే మూడున్నర క్వింటాళ్లు ఎక్కువుంది మామా. లోపలేముంది, బండలేమన్నా తోల్తాండావా?” అన్నాడు. మా ఆయన స్లిప్పు నా చేతికిచ్చి, “వాటిని ఈడ దించి పోదాం. రేపొచ్చి తీసుకుంటాం” అన్నాడు. దించితే మళ్లీ ఎక్కవని నాకు తెలుసు. రెండు నెలలుగా అదొక్కటే నేను గెలిచిన పట్టు. “దించితే నన్ను కూడా ఈడనే దించు” అన్నాను. అంత మాట అన్నానని ఈ రోజుకీ నాకు సిగ్గుగా ఉంది. ఆయన స్లిప్పు తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని బండి తీశాడు.

ముద్దనూరు దాటాక తొండూరు వైపు రోడ్డు కొండ ఎక్కి దిగుతుంది. కారులో పోయేవాళ్లకు అదొక లెక్క కాదు. మేము రెండో గేరులో మూలుగుతూ ఎక్కాం, వెనక నాలుగు బండ్లు హారన్లు కొడుతున్నాయి. పైకి వచ్చేసరికి పదిన్నర. అప్పుడు వెనకనుంచి గరగరమని చప్పుడు వినిపించింది. గిన్నెలు కదిలాయేమోనని లేచి వెనక్కి పోయాను. గిన్నెలు ఉన్నచోటే ఉన్నాయి. బండ కింద మేస్త్రీ పూసిన సిమెంటు పొడవునా పగిలి, రవ్వలుగా రాలుతోంది. నేను చూస్తుండగానే దిగుడు మొదలైంది, మా ఆయన బ్రేకు తొక్కాడు, బండ నాలుగు వేళ్లంత ముందుకు జరిగింది. దానికీ ఆయన మెడకూ మధ్య జానెడు చోటుంది.

“బ్రేకు తొక్కాకు. బండ నీ మీదికొస్తాంది” అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. “ఎంతుంది?” అన్నాడు.

“జానెడు.”

“తొక్కకుంటే బండి ఆగదు మాబున్నీ.”

ఆ మాట అప్పుడు అర్థమైంది. బ్రేకు తొక్కితే బండ వస్తుంది, తొక్కకపోతే బండి పోతుంది. మంచం మీది బొంత, దిండు లాగి సీటుకూ బండకూ మధ్య కుక్కాను. ఎడమవైపు సీటు ఇనుప కాలికి నా పాదాలు తన్నిపెట్టి, రెండు చేతులతో బండ అంచును వెనక్కి నెట్టి పట్టుకున్నాను. ఆయన మళ్లీ రెండో గేరుకు దించాడు, ఇంజను అరుపుకు పళ్లు జివ్వుమన్నాయి. గేరుతోనే బండిని పట్టి దింపుతున్నాడు. మలుపు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, “ఇప్పుడు తొక్కుతా, పట్టుకో” అనేవాడు. నేను ఊపిరి బిగబట్టి “తొక్కు” అనేదాన్ని. తొక్కిన ప్రతిసారీ బండ కాస్త జరిగేది, ఎంత మిగిలిందో ఆయనకు చెప్పేదాన్ని. అర జానెడు. నాలుగు వేళ్లు. మూడు వేళ్లు. ఎదురుగా థర్మల్ ప్లాంటు బూడిద తోలే లారీ వస్తోందని ఆయనన్నాడు. నాకు రోడ్డు కనిపించడం లేదు, ఆయన చొక్కా కాలరూ, చెవి వెనక కారుతున్న చెమటా కనిపిస్తున్నాయి. ఇరవై రెండేళ్లు పరాయి దేశంలో ఏమీ కాకుండా తిరిగొచ్చిన మనిషిని, రొట్టెలు తట్టుకునే బండతో నేనే చంపుతున్నానని భయం పట్టుకుంది.

“బ్రేకు మెత్తబడింది” అన్నాడు ఒకచోట, చాలా మామూలుగా. బండి ఎక్కినప్పటినుంచీ ఆయన గొంతు మారలేదు. నా గొంతే మారింది. “ఇంక రెండు వేళ్లే ఉండాది” అన్నాను.

“ఎడమ పక్క మట్టి కనపడతాంది. ఆడికి పోయినామంటే గెలిచినట్టే. గట్టిగా పట్టుకో.”

ఎడమవైపు రోడ్డు వెడల్పు చేయడానికి పోసిన మట్టికుప్పలు ఉన్నాయని తర్వాత చూశాను. చక్రాలు మట్టిలో దిగబడి, హ్యాండ్‌బ్రేకు కిర్రుమని, బండి ఆగింది. బండ దిండును నొక్కేసి సీటుకు ఆనుకుని ఆగింది. ఆయన మెడ అప్పటికే స్టీరింగు మీదికి వంచి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. కిందికి దిగి ఆయన రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను చక్రం పక్కన కూర్చుని ఏడ్చాను, కొంగున ముడివేసిన తాళం చెవి మోకాలికి గుచ్చుకుంటూ ఉంది.

మా వెనకే వస్తున్న లారీ ఆగింది. బండలు తోలే లారీనే. డ్రైవరు దిగివచ్చి, “ఏమైంది మామా, నీళ్లేమన్నా కావాల్నా?” అంటూ లోపలికి తొంగి చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నన్ను తన లారీ వెనకకు తీసుకుపోయాడు. “చూడక్కా, ఒక్కటన్నా పడుకోనుందా?” అన్నాడు. లారీనిండా బండలు పుస్తకాల్లా అంచు మీద నిలబెట్టి, మధ్యలో గడ్డి కుక్కి, తాళ్లతో బిగించి ఉన్నాయి. “ఇంట్లో బండ పడుకుంటాది. బండిలో నిలబడాల. పడుకున్న బండ దారిలో లేచి నడుస్తాది.” పుట్టినప్పటినుంచీ బండల మీద నడిచిన దాన్ని, బండ ఎలా ప్రయాణం చేస్తుందో ఒక్కరోజూ చూడలేదు. మా వీధి వాళ్లలో ఎవరినడిగినా నాలాగే చెబుతారనుకుంటాను. లారీలోని ఇద్దరు హమాలీలు దిగి మూడు బండలూ తీసి తమ లారీలో నిలబెట్టారు. డ్రైవరు కొండ కింద టీ హోటలు దగ్గర దించిపోతానన్నాడు, దుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు.

బ్రేకులు చల్లబడ్డాక మెల్లగా కొండ దిగి, కింద ఉన్న టీ హోటలు దగ్గర ఆగాం. లారీ మా ముందే వచ్చి బండలను అక్కడ దించింది. హోటలు నడిపేది ఒక పెద్దామె. గిన్నెలు తోమే చోట కాళ్లకింద అంతా బురద. “ఈ బండల్ని ఏం చేస్తావమ్మా?” అంది. ఆ బురద చూసి, “నువ్వే పెట్టుకో పెద్దమ్మా” అన్నాను. ఆమె నమ్మలేదు. “పసుపు మరక కూడా ఉంది, నీ ఇంటిది కదా?” అంది. మా ఇంటిదేనన్నాను.

పులివెందుల చేరేసరికి రెండున్నర దాటింది. మెకానిక్కు బ్రేకులు విప్పి చూసి, లైనింగులు కాలినాయి కానీ మిగతా వాటికి నష్టం లేదన్నాడు, కొత్తవి వేసినందుకు రెండు వేల నాలుగు వందలు తీసుకున్నాడు. అక్కడే ప్లేటు నలభై చొప్పున చిత్రాన్నం తిన్నాం. మా ఆయన తిని లేచి, మెకానిక్కు బిగించిన చక్రాలను తన్ని చూసుకుని బండెక్కాడు. అరిచినా బాగుండేది. నాలుగున్నరకు చీనీకాయల మండీ, అదే బత్తాయిల మండీ, వెనక నీడలో బండి ఆపాడు. నేను ఫోను తీశాను.

“ఎవురికి?” అన్నాడు.

“ఓనరుకు. ఇల్లు ఉంచుకుంటామని నేనే చెప్తా. ఈ పొద్దు నిన్ను సంపేసుంటి.”

ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “బండి తోలేటోనికి వెనకేముందో కనపడదు మాబున్నీ. ఇరవై రెండేండ్లు నా వెనక ఏమొస్తాందో చెప్పే మనిషి లేదు. భయమేసినా క్యాబిన్‌లో నేనొక్కన్నే. ఈ పొద్దు నువ్వు ఎనకాల ఉండి ఎంతుందో చెప్తాంటే, నాకు చెయ్యి వణకలేదు” అన్నాడు. తర్వాత, “ఇల్లొద్దని చెప్పు. రోలు మాత్రం ఉండనీ, దాన్ని మంచం కాలికి కట్టేస్తా” అన్నాడు.

అయిదుకు పది నిమిషాల ముందు ఓనరుకు చెప్పాను. మర్నాడు తాళం చెవి ఇచ్చేశాం. వ్యాన్‌లో ఉండబట్టి ఇప్పుడు అయిదో నెల. నా రొట్టెలు చెక్కమీద ఏ ఒక్కటీ గుండ్రంగా రావడం లేదు, మా ఆయన వంక పెట్టకుండా తింటున్నాడు. ఆ దారిన పోయినప్పుడు టీ హోటలు దగ్గర ఆగుతాం, మా బండ మీద పెద్దామె గిన్నెలు తోముతూ ఉంటుంది. ఇల్లు వదలడం తాళం ఇవ్వడంతో అయిపోతుందనుకున్నాను. ఆ తాళం ఇవ్వడానికి ముందే, కొండ మీద, బండను రెండు చేతులతో పట్టుకుని నేను ఆ ఇంటిని వదిలేశాను. ఎక్కువ బరువు ఎక్కించవద్దని ఏ మెకానిక్కైనా చెబుతాడు, నేను చెప్పక్కర్లేదు. వ్యాన్‌లో కాపురం పెట్టాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే. వడ్రంగి ఎంత చెప్పినా సరే, తోలే మనిషికీ వెనక కూర్చునే మనిషికీ మధ్య అడ్డుగోడ కట్టించుకోకండి.