కిటికీ దుమ్ములో కొరియా అక్షరం

సేదరపేట్ నుంచి వచ్చే బస్సులో నా పక్కనామె ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఏదో వల్లిస్తోంది. ఏంటని అడిగాను.

"కొరియా భాష అక్కా. మా ఫ్యాక్టరీకి కొరియావాళ్ళూ డెన్మార్క్‌వాళ్ళూ వస్తారు. రెండూ నేర్చుకోకుండా వదల్ను."

"రెండిట్లో యాది కష్టం?"

"డేనిష్‌లో రాసేది ఒకటి, పలికేది ఒకటి. సగం అక్షరాలు గొంతులోనే మింగేస్తారు. కొరియా చదివేది సులువే. ఐతే ఎదుటోళ్ళు పెద్దోళ్ళా చిన్నోళ్ళా తెలిసినాకే నోరు తెరవాల, మన రా, రాండి మాదిరి."

"తెలుగు చదువుతావా?"

"ఇంట్లో మాట్లాడతాం, అంతే. బళ్ళో తెలుగు లేదు కదా. మీరు?"

నాకూ చదవను, రాయను రాదన్నాను. ఆమె కిటికీ దుమ్ములో వేలితో ఒక కొరియా అక్షరం రాసింది.

"ఇది వచ్చినప్పుడు మనది రాకుండా పోతుందా అక్కా?"

ఆమె మూలకుళంలో దిగిపోయింది. నేను బజారులో దిగి పలక కొన్నాను. ఇప్పుడు మీరు చదివిందంతా తెలుగులో నా చేత్తో రాసిందే.