అక్క వంతు ఎరువు

మా మామ బతికుండగానే కోడేరు దగ్గరి పొలాన్ని ఇద్దరు కొడుకులకూ పంచాడు. భూమి పంచాడు, బోరు నీళ్లు పంచాడు, ఎడ్లను కూడా పంచాడు. పెంటకుప్పను మాత్రం పంచలేదు. రెండిళ్ల పశువుల పేడా ఊరి బయట ఒకే కుప్పలో పోయాలి. ఎండాకాలం వచ్చాక ఒక ఏడు పెద్ద కొడుకు చేనికి, మరో ఏడు చిన్న కొడుకు చేనికి ఆ ఎరువు తోలుకోవాలి. ఆయన పెట్టిన కట్టుబాటు అది. నేను చిన్న కోడలిని. పోయిన ఏడాది వంతు మా యారాలిది, అంటే మా ఆయన అన్న భార్యది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను.

ఆ వంతును నేను గుంజుకున్నాను. దొంగతనం చేయలేదు, అడిగే తీసుకున్నాను. అదే ఇంకా పాడు పని. దొంగతనమైతే నాలుగు తిట్లు తిని బయటపడేదాన్ని.

నాది డ్రాగన్ పండ్ల తోట. రాతి కడీలు పాతి, పైన టైర్లు కట్టి, వాటి మీదుగా కొమ్మలు కిందికి వదిలాం. కొమ్మలు చూస్తే ఏపుగా, పచ్చగా కళ్లు చెదిరేలా ఉండేవి. పూత చూస్తే అక్కడక్కడా. వచ్చిన పండు పిడికిలంత, నోట్లో పెడితే చప్పగా నీళ్లు. ఆత్మకూరు వైపు ఇదే తోట పెట్టిన ఒక పెద్దాయనను వెతుక్కుంటూ పోయి అడిగాను.

"యూరియా గుప్పినవ్ గదా?" అన్నాడు, నేను చెప్పకముందే. "గందుకే కొమ్మలు బలిసినయ్, పూత రాకపాయె. యూరియా జర తగ్గియ్యి. వానలకు ముందు మంచిగ మాగిన పెంట ఎయ్యి. మొగ్గ తొడిగినంక పొటాషు ఇయ్యి. పండు బరువొస్తది, తియ్యగైతది."

బస్సు దిగేసరికి నా కళ్ల ముందు మా పెంటకుప్ప తప్ప ఇంకేమీ లేదు.

అక్క సంగతి నాకు తెలియదా? తెలుసు. బావ ఏళ్ల తరబడి బొంబాయిలో మట్టి పనికి పోయి ఉంటున్నాడు. "ఈపారి మక్క మంచిగొస్తే మళ్ల పోను, ఇంటికాన్నే ఉంట" అని చెప్పి వెళ్లాడు. అక్క ఆ మాటనే పట్టుకుని బతుకుతోంది. ఆమె చేను బక్క నేల. ఎరువు పడకపోతే మక్కజొన్న ఎదగదు. ఎరువు పడితే కంకి వస్తుంది, కంకి వస్తే మనిషి వస్తాడు. అదీ ఆమె ఆశ.

అయినా అడిగాను. అదీ మా అత్త పక్కన కూర్చున్నప్పుడు, కాదనడానికి వీల్లేకుండా అడిగాను. "అక్కా, ఈ ఏడు పెంట నాకియ్యి. వచ్చే రెండేండ్లు నువ్వే తోలుకో. తోట పోతే నేనేం గావాలె?" అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. నాకవి పిలిస్తే పలుకుతాయి. అక్కేమో నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టి, మళ్లీ తీసుకుని, "తోలుకో పో" అంది. ఆ తర్వాత చాలాసేపు చెరిగిన బియ్యాన్నే చెరిగింది. నేను చూశాను. చూసి కూడా తెల్లారగానే ట్రాక్టర్ పిలిపించాను.

అంత చేసి తెచ్చుకున్నదాన్ని సరిగ్గా వేశానా అంటే అదీ లేదు! మా పుట్టింట్లో నిమ్మతోట ఉండేది. నిమ్మకు చేసినట్టే కడీల చుట్టూ లోతుగా పాదులు తీయించాను. డ్రాగన్ వేరు లోపలికి పోదు, పైపైనే దారాల్లా పరుచుకుంటుంది. పార పడిన చోటల్లా తెగింది. కుప్పలో అడుగుది మాగింది గానీ, పైదంతా ఇంకా పచ్చిపేడే. తట్టలో చెయ్యి పెడితే వేడి తగిలింది. అయినా ఆగకుండా రెండూ కలిపి మొదళ్ల దాకా కుక్కించి నీళ్లు వదిలాను. నా తొందర పాడుగాను!

వానలు పడి అక్క చేలో మక్క మొలిచేసరికి నా కొమ్మలు పసుపెక్కాయి. మొదలు నొక్కితే వేలు లోపలికి దిగింది. పక్కచేనులో కలుపు తీస్తున్న అక్క వాసనకే గట్టు దాటి వచ్చింది.

"ఏందే ఇది? మొదలుకు గింత పచ్చిపెంట కుక్కితే చెట్టు ఉడికిపోదా? ఆ పార అవుతల పడెయ్యి, చేతుల్తోని తియ్యి!"

ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని మొదళ్ల చుట్టూ ఉన్నదంతా చేతులతో తోడాం. 'నా వంతు తీస్కపోయి బుగ్గిపాలు చేసినవ్ గదనే' అని ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని ఎదురుచూశాను. ఆ మాట ఒక్కటి అంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! అనలేదు. పొద్దంతా నా చెట్ల గురించే తిట్టింది.

"అక్కా, ఈ పెంట నీ చేనికి తోలిపిస్త" అన్నాను చివరికి.

"మొలక లేసినంక ఏడ పోస్తవే? పెంట దుక్కిల కలవాలె. నీ చెట్లన్న బతకనియ్యి."

బతికాయి. కుళ్లినంత మేరా కోసేశాను. తోడిన పెంటను నీడలో కుప్పపోసి, తడుపుతూ, తిరగేస్తూ మాగబెట్టాను. బాగా మాగాక మొదలుకు ఎడంగా, నేల తవ్వకుండా పలచగా పరిచి పైన గడ్డి కప్పాను. యూరియా మానేసి, మొగ్గ తొడిగాక పొటాషు ఇచ్చాను. చివరి పూతకు కాయ నిలిచింది. ఒక్కో పండు చేతిలో బరువుగా కూర్చుంది. కల్వకుర్తిలో పండ్ల దుకాణపాయన ఇంకా ఉంటే తెమ్మన్నాడు. గట్టుకు అవతల అక్క మక్క సన్నగా నిలబడింది. కంకి ఒలిచి చూస్తే సగం గింజలు లేవు. ఆ చేనుకు అందాల్సిన బలమంతా నా గంపల్లో ఉంది. గట్టు మీద నడిచేటప్పుడు ఆ వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

మంచి పండ్లు ఏరి అక్క ఇంటికి తీసుకెళ్లాను. ముఖం చెల్లక గడపలోనే నిలబడితే లోపలికి లాగింది. ఒక పండు కోసి ముక్క నోట్లో వేసుకుని, "మస్తు తియ్యగున్నదే!" అని నిజంగానే సంబరపడింది. అప్పుడే బావ ఫోన్ వచ్చింది. చేతులు రసంతో ఎర్రగా ఉన్నాయని స్పీకర్ పెట్టింది.

"మక్క ఎట్లున్నదే? రమ్మంటవా?" అన్నాడు.

అక్క నా వైపు చూడలేదు. "ఏమున్నది, ఈ ఏడు వానలు సక్కగ పడలె. ఈ ఒక్క ఏడు ఆన్నే ఉండు" అంది.

ఆ ఏడు వానకు ఏ లోటూ లేదు. మా చెరువు అలుగు పారింది. "పక్కన ఎవరున్నరు?" అని అడిగాడు బావ.

"చెల్లె ఉన్నది. పండ్లు తెచ్చింది."

"ఏమమ్మా, నిజమేనా? వానలు గంత అన్యాలం జేసినయా?"

అక్క ఇంకో ముక్క కోసి నా చేతిలో పెట్టింది.

"అవు బావా" అన్నాను. "ఈ ఏడు వానలే లేవు."